దిల్‌సుఖ్‌నగర్ చదువులు – సొంత వ్యాపారపు తొలి పాఠాలు



పాల బిల్లు ఏ తేదీన వస్తుందో ఇంట్లో అందరికంటె బాగా గుర్తుండేది పట్నంలో చదువుకుంటున్న బిడ్డకు. నల్లగొండ, యాదాద్రి, రంగారెడ్డి పల్లెల నుండి ఇంటరు గట్టెక్కగానే పిల్లలు విజయవాడ రోడ్డో, సాగర్ రోడ్డో పట్టుకొని ఎల్.బి. నగర్ చౌరస్తాలో దిగుతారు. అక్కడి నుండి దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డుకు రెండు ప్రక్కలా హాస్టళ్ళు, కోచింగు కేంద్రాలు, కంప్యూటరు కోర్సుల బోర్డులే. 2018 సెప్టెంబరులో ఎల్.బి. నగర్ నుండి అమీర్‌పేట వరకు మెట్రో రైలు నడవడం మొదలైన తరువాత ఈ దారి మరింత దగ్గరయింది. హాస్టలు అద్దె, మెస్సు, కోచింగు ఫీజు అన్నీ కలిపి చూస్తే, రెండు బర్రెలున్న ఇంట్లో ఒక బర్రె పాలు నేరుగా దిల్‌సుఖ్‌నగర్‌కే పోతున్నాయని చెప్పవచ్చు.

అటువంటి బిడ్డ ఒక ఆదివారం ఇంటికి వచ్చి, “నాన్నా, నాకు ఇష్టమైన పనితో చిన్న వ్యాపారం మొదలు పెడతాను, పదివేలు ఇవ్వు” అంటే ఏం చేయాలి? మన ఇళ్ళలో రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. ఒకటి: “చదువుకొమ్మని పంపితే వ్యాపారమా?” అని మాట అక్కడే తుంచివేయడం. రెండోది: బిడ్డ ముచ్చట పడిందని అడిగినంతా చేతిలో పెట్టడం. రెండూ పొరపాటే. మొదటి దానిలో పిల్లవాని ఉత్సాహం చస్తుంది, రెండోదానిలో మన డబ్బు చస్తుంది. ఈ రెండింటి మధ్య ఒక దారి ఉన్నది. ఆ దారిలో మొదటి నాలుగడుగులు ఎలా ఉంటాయో ఈ పాఠంలో చూద్దాం.

మొదట ఒక సంగతి. వ్యాపారం అనగానే మనం చదువుకున్నవారి మాట అనుకుంటాం గాని, ఈ పత్రిక చదివే ప్రతి సభ్యుడూ, ప్రతి సభ్యురాలూ ఆ పని చేసినవారే. అప్పు చేసి మొదటి పడ్డను కొన్నప్పుడు అది కడుతుందో కట్టదో, ఈనితే ఎన్ని పాలిస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేదు. దాణా రేటు మన చేతిలో లేదు. వెన్నశాతం కూడా ఒక్కొక్క పూట మన చేతిలో ఉండదు. అయినా లెక్క వేసికొని ధైర్యం చేశాం. బిడ్డ అడుగుతున్నదీ అదే. తేడా ఏమంటే, మనకు పాడి తాతల నాటి నుండి తెలిసిన విద్య, బిడ్డకు తన పని ఇప్పుడిప్పుడే తెలుస్తున్నది.

ఇష్టం ఎక్కడ పుడుతుంది?

“ఇష్టమైన పని చేయి, డబ్బు దానంతట అదే వస్తుంది” అని ఇప్పుడు ఉపన్యాసాలలో చెబుతున్నారు. ఆ మాటను నేను పూర్తిగా నమ్మను. అభిరుచి అనేది ఎద్దు వంటిది. బలం ఉంటుంది, కాని కాడి వేయకపోతే పొలం దున్నదు. మనకు దగ్గరగా జరిగిన ఒక కథ చెబుతాను.

ఆలేరు మండలంలోని శారాజీపేట గ్రామంలో చింతకింది మల్లేశం అనే కుర్రవాడు ఉండేవాడు. చేనేత కుటుంబం. పోచంపల్లి రకం చీరలు నేసే ముందు “ఆసు పోయడం” అని ఒక పని ఉంటుంది. అర్ధవృత్తంలో దిగగొట్టిన మేకుల చుట్టూ నూలు పోగును ఒక చివర నుండి మరొక చివరకు చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. ఆ పని ఇంటి ఆడవారిదే. మల్లేశం తల్లి లక్ష్మమ్మ రోజుకు రెండు చీరలకు ఆసు పోసేది. భుజం నొప్పితో ఆమె పడే బాధ చూసి, ఆ పని ఒక యంత్రం చేత చేయించాలని కొడుకు పట్టుబట్టాడు.

అతను చిన్న వయసులోనే బడి మానవలసి వచ్చింది. ఇంజనీరింగు చదవలేదు. 1992లో పని మొదలుపెట్టాడు. ఒక్కొక్క భాగం చేయడం, అది పని చేయకపోవడం, మళ్ళీ విప్పడం. అప్పులయ్యాయి. ఊళ్ళో నవ్వినవారు నవ్వారు. కొంతకాలం ఆ ప్రయత్నం ప్రక్కన పెట్టి హైదరాబాదు వచ్చి కరెంటు పనులు చేసికొన్నాడు. పని కోసం బాలానగర్ వెళ్ళినప్పుడు అక్కడ ఒక యంత్రం కదలిక కంటబడింది. తనకు అడ్డుపడి ఉన్న చివరి ముడి ఎలా విప్పాలో అప్పుడు తట్టింది. 1999లో యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని సుమారు గంటన్నరకు దిగింది. దానికి తల్లి పేరు పెట్టాడు: లక్ష్మీ ఆసు యంత్రం. తరువాత ఇతర చేనేత కుటుంబాలకూ యంత్రాలు చేసి ఇచ్చాడు. 2017లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2019లో ఆయన జీవితం మీద సినిమా కూడా వచ్చింది.

ఈ కథను పిల్లలకు చెప్పేటప్పుడు పద్మశ్రీ దగ్గర మొదలు పెట్టకండి. 1992కూ 1999కూ మధ్య ఏడేళ్ళున్నాయి. ఆ ఏడేళ్ళు చెప్పండి. మరో సంగతి గమనించండి. మల్లేశం ఇష్టం గాలిలో పుట్టలేదు. తన ఇంట్లో, తన కళ్ళ ముందు, రోజూ చూసే ఒక కష్టం నుండి పుట్టింది. ఆ కష్టం ఒక్క లక్ష్మమ్మదే కాదు, ఆ వృత్తిలో ఉన్న వేలాది ఆడవారిది. అందువల్లనే యంత్రానికి గిరాకీ వచ్చింది. తనకొక్కడికే నచ్చిన దానితో ముచ్చట తీరుతుంది, అంగడి నడవదు.

దీనికి ఎదురు కథ కూడా ఒకటి మన రంగంలోనే ఉన్నది. వర్గీసు కురియన్ గారు పాడి మీద ప్రేమతో పాడిలోకి రాలేదు. ఆయనకు ఇష్టమైనవి లోహశాస్త్రం, భౌతికశాస్త్రం. ప్రభుత్వ స్కాలర్‌షిప్పు డెయిరీ ఇంజనీరింగుకు దొరికింది గనుక అమెరికాలోని మిచిగన్‌కు వెళ్ళారు. తిరిగి వచ్చాక 1949 మే 13న ఆనంద్ అనే చిన్న ఊరికి ఉద్యోగానికి పంపితే, ఎప్పుడు విడిచిపెడతారా అని రోజులు లెక్క పెట్టారు. తీరా రాజీనామా ఆమోదం పొంది పెట్టె సర్దుకుంటుండగా, ఖేడా సంఘం అధ్యక్షుడు త్రిభువన్‌దాస్ పటేల్ గారు కొద్ది రోజులుండి మా యంత్రాలు సరిచేసి పొమ్మన్నారు. ఆ కొద్ది రోజులు ఒక జీవితకాలమయ్యాయి. 1955లో ఆనంద్‌లో బర్రె పాలతో పాలపొడి తయారైంది. అంతకు ముందు బర్రె పాలతో పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు అన్నారు. కురియన్ గారి మిత్రుడు దలయా గారు చేసి చూపించారు. ఇష్టం ముందు, పని తరువాత అని నియమం ఏమీ లేదన్నమాట. పని చేయగా చేయగా ఇష్టం పుట్టినవారూ ఉన్నారు. “నాకు ఏ అభిరుచీ లేదు” అని దిగులుపడే పిల్లలు కూడా హాస్టళ్ళలో ఉంటారు. వారికి ఈ కథ చెప్పండి.

మాట వచ్చింది గనుక ఒక ముచ్చట. ఎల్.బి. నగర్ అంటే లాల్ బహదూర్ నగర్. ఆ శాస్త్రి గారు ప్రధానిగా ఉండగా 1964 అక్టోబరులో ఆనంద్ ప్రాంతానికి వెళ్ళి, అజర్‌పురా అనే పల్లెలో ఒక రాత్రి రైతుల ఇళ్ళ మధ్య గడిపారు. ఈ సంఘం ఎందుకు బాగుపడిందో వారినే అడిగి తెలుసుకున్నారు. 1965లో జాతీయ పాడి అభివృద్ధి బోర్డు ఏర్పడటానికి ఆ రాత్రే మూలం. ఎల్.బి. నగర్ నుండి విజయవాడ రోడ్డున కొంచెం ముందుకు పోతే హయత్‌నగర్‌లో నల్లగొండ–రంగారెడ్డి పాల ఉత్పత్తిదారుల డెయిరీ ఉన్నది. అయినా ఆ చౌరస్తాలో బస్సు కోసం నిలబడే మన పిల్లలకు ఆ పేరుకూ మన పాల క్యానుకూ సంబంధం ఉన్నదని ఎవరూ చెప్పరు.

పది సెంట్ల బడి

విద్యార్థి చేత చిన్న వ్యాపారం చేయించి నేర్పించడం క్రొత్త పద్ధతి కాదు. 1910లో అమెరికాలో, దక్షిణ కరోలినా రాష్ట్రంలోని ఐకెన్ ప్రాంతంలో, మేరీ క్రోమర్ అనే ఉపాధ్యాయిని పల్లె బాలికల కోసం టమాటా సంఘాలు పెట్టింది. అంతకు ముందే మగపిల్లలకు మొక్కజొన్న సంఘాలుండేవి. ఆడపిల్లలకు ఎందుకుండకూడదని ఆమె వాదం. ఒక్కొక్క బాలికకు ఎకరంలో పదోవంతు నేల. అంటే మన లెక్కలో పది సెంట్లు, నాలుగు గుంటలు. ఆ నేలలో టమాటా పెంచాలి, పండించినది డబ్బాలలో నిలవచేయాలి, అమ్మాలి, ఖర్చూ రాబడీ పుస్తకంలో వ్రాయాలి. లాభం బాలికదే. ఇటువంటి సంఘాలే తరువాత నాలుగు ‘హెచ్’ల క్లబ్బులుగా పెరిగాయి. వాటిలో పిల్లలకు దూడను అప్పగించి, మేత లెక్క, బరువు లెక్క వ్రాయించే పద్ధతి ఇప్పటికీ ఉన్నది.

ఇందులో తెలివి ఎక్కడుందంటే, ఆ పది సెంట్లలో ఉన్నది. పంట పోయినా ఇల్లు మునగదు. లెక్క మాత్రం పది ఎకరాల రైతు వ్రాసే లెక్కే. అమెరికాలో ఆచార్యురాలుగా ఉన్న మన దేశస్థురాలు సరస్ సరస్వతి గారు అనుభవం గడించిన 27 మంది వ్యాపారస్థుల ఆలోచనా పద్ధతిని పరిశోధించి, 2001లో ఒక వ్యాసం ప్రకటించారు. వారు “ఎంత లాభం వస్తుంది?” అనే ప్రశ్నతో మొదలు పెట్టరట. నేనెవరిని, నాకేమి తెలుసు, నాకెవరు తెలుసు అని మొదట చూసికొంటారు. ఆ తరువాత, ఎంత పోయినా తట్టుకోగలను అని అడుగుతారు. మన పెద్దలు బర్రెల సంతకు పోయేటప్పుడు నడుముకు కట్టుకునే డబ్బు కూడా ఈ లెక్క ప్రకారమే ఉండేది. పోతే పోయేంత డబ్బే కట్టుకొనేవారు.

ఒక మాదిరి లెక్క

ఇప్పుడు మన బిడ్డ దగ్గరకు వద్దాం. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే ఒక అమ్మాయి అనుకుందాం. ఆమెకు మొక్కలంటే ప్రాణం. హాస్టలు కిటికీలో పగిలిన బకెట్లో కూడా పుదీనా వేసింది. ఇంటి దగ్గర రెండు బర్రెలున్నాయి. ఆమె ఏమి చేయగలదు?

మొదటి నెల ఒక్క రూపాయి పెట్టకూడదు, చూడాలి అంతే. కొత్తపేట, చైతన్యపురి, సరూర్‌నగర్, ఎల్.బి. నగర్ కాలనీలలో ఎన్ని మిద్దెల మీద కుండీలున్నాయి? వారు ఎరువు ఎక్కడ కొంటున్నారు, ఎంతకు కొంటున్నారు, ఏమని విసుక్కొంటున్నారు? పదిమందిని అడగాలి. “నేను ఎరువు అమ్మితే కొంటారా?” అని అడగకూడదు. మొహమాటానికి అందరూ కొంటామనే అంటారు. “పోయినసారి ఎప్పుడు కొన్నారు, ఎంత పెట్టారు?” అని అడగాలి. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మొత్తం ఒక పాఠశాల. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మే మనిషి ఏ నెలలో ఏ పరీక్ష పుస్తకాలు ముందుకు పెడతాడో, పండ్ల బండివాడు సాయంత్రం ఏడు దాటాక రేటు ఎందుకు దించుతాడో గమనించితే పుస్తకంలో దొరకని సంగతులు దొరుకుతాయి. కొత్తపేట పండ్ల మార్కెట్టు 2021–22లో బాటసింగారానికి తరలిపోయినప్పుడు దానిని నమ్ముకొన్న చిన్న వ్యాపారులంతా సరుకు దారి మళ్ళీ వెదుక్కోవలసి వచ్చింది. ఒకే చోటును, ఒకే కొనుగోలుదారును నమ్ముకోవడంలో ఉన్న చిక్కు అది.

రెండో నెల పని. రెండు బర్రెల పేడ రోజుకు సుమారు 30 కిలోలు వస్తుంది. నాలుగు రోజుల పేడలో 100 కిలోలు వర్మికంపోస్టుకు తీయవచ్చు. తాజా పేడలో వేడి ఉంటుంది. అందులో వానపాములు చస్తాయి. పది పదిహేను రోజులు చల్లారనిచ్చి, నీడలో బెడ్డు చేసి వానపాములు వదలాలి. గోనెపట్టా కప్పి తేమ ఆరకుండా నీళ్ళు చిలకరించాలి. రెండు నెలలకు 100 కిలోల పేడ నుండి 45 కిలోల దాకా ఎరువు వస్తుంది. జల్లెడ పట్టి 2 కిలోల పొట్లాలు 20 కట్టవచ్చు. ఈ క్రింది ధరలు లెక్క నేర్పడానికి అనుకొన్నవి. మీరు మీ ఊరి ధరలు వేసికోండి.

వానపాములు కిలో 300 రూపాయలు. పొట్లాల సంచులు 80. చీటీలు 20. ఊరి నుండి ఎల్.బి. నగర్‌కు రవాణా 120. పేడ ఇంటిదే గదా అని వదలకూడదు. అది పొలానికి పోవలసిన పేడ గనుక 100 రూపాయలు వేద్దాం. మొత్తం 620. పొట్లం 40 చొప్పున 20 పొట్లాలు అమ్ముడుపోతే 800. కాగితం మీద లాభం 180.

కాని మొదటిసారి 20 పొట్లాలూ అమ్ముడుపోవు. 14 పోయాయనుకోండి. రాబడి 560, నష్టం 60. పైగా ఇద్దరు కొనుగోలుదారులు పొట్లం లోపల బూజు పట్టిందని తిరిగి తెస్తారు. ఎరువులో తేమ 15 నుండి 25 శాతం లోపల ఉండాలని ప్రభుత్వ ప్రమాణం. అమ్మాయి తొందరపడి తడిగానే కట్టేసింది. మిగిలిన ఆరింటిలో రెండు వారికి బదులు ఇవ్వాలి. నాలుగు హాస్టలు వార్డెను కుండీలకు పోతాయి. పాలు పలిగితే క్యాను తిరిగి వచ్చినట్లే ఇది. ఈ 60 రూపాయల నష్టంతో, రెండు పొట్లాల బూజుతో ఆమె నేర్చిన పాఠం ఏ కోచింగు కేంద్రంలోనూ వేలు పోసినా దొరకదు. అందుకే మొదటి విడత చిన్నదిగా ఉండాలి. పదివేలు పెట్టి ఇదే తప్పు చేస్తే అది పాఠం కాదు, దెబ్బ.

రెండో విడతకు వానపాముల ఖర్చు ఉండదు, అవి పెరుగుతాయి. ఖర్చు 320. ఈసారి 20 పొట్లాలూ పోయాయి. ఎందుకు పోయాయంటే, పొట్లం మీద “గులాబీకి ఇంత, టమాటాకు ఇంత, ఇన్ని రోజులకొకసారి” అని చీటీ అంటించింది. మొదటిసారి కొన్నవారు ఆమెను ఎక్కువగా అడిగిన ప్రశ్న ధర గురించి కాదు, ఎంత వేయాలని. తాను అమ్ముతున్నది ఎరువు ఒక్కటే కాదని, మొక్కల మీద తనకున్న తెలివి కూడా అని అప్పుడు తెలిసింది. ఆమె అభిరుచి వ్యాపారానికి పనికి వచ్చింది అక్కడే. రాబడి 800, మిగులు 480.

అమ్మకం పెరిగి అంగళ్ళకు సరఫరా చేసే స్థితి వస్తే వ్యవసాయ శాఖవారిని కలవాలి. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు క్రింద వర్మికంపోస్టుకు కూడా ప్రమాణాలున్నాయి. ఎరువు బదులు కోవా, నెయ్యి వంటి తినే పదార్థాలు అమ్మదలిస్తే మొదటి రోజు నుండే ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంటి నెయ్యే గదా అని ఊరుకోరాదు.

సరుకును పట్టుకొని కూర్చోవద్దు

మన తెలుగు కుర్రవాళ్ళు ముగ్గురి సంగతి ఇక్కడ చెప్పాలి. ఫణీంద్ర సామ, సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు పిలానీలో కలిసి చదువుకొని బెంగుళూరులో ఉద్యోగాలు చేసేవారు. 2005 దీపావళికి ఊరికి రావాలని ఫణీంద్ర ఎన్ని ట్రావెల్సు ఆఫీసులు తిరిగినా బస్సు టికెట్టు దొరకలేదు. సీట్లు ఎక్కడో ఖాళీగా ఉండే ఉంటాయి, తెలిసే దారి మాత్రం లేదు. ఆ చిక్కు తీర్చాలని మిత్రులు కూర్చుని బస్సు యజమానుల కోసం ఒక సాఫ్ట్‌వేరు తయారు చేశారు. ఉచితంగా ఇస్తామన్నా యజమానులు తీసికోలేదు. వారికి కావలసింది సాఫ్ట్‌వేరు కాదు, సీట్లు అమ్మిపెట్టేవారు. అది గ్రహించి, తాము చేసినది ప్రక్కన పెట్టి, టికెట్లు అమ్మడం మొదలు పెట్టారు. 2006లో ‘రెడ్‌బస్’ అలా మొదలైంది. 2013లో దానిని ఒక పెద్ద కంపెనీ కొన్నది. ఆరునెలలు కష్టపడి చేసినదాన్ని “ఇది వారికి అక్కరలేదు” అని ఒప్పుకోవడం చాలా కష్టం. చదువుకున్నవారికి మరీ కష్టం.

తల్లిదండ్రులు చూడవలసినవి

కాలేజీ ఫీజు డబ్బు, హాస్టలు డబ్బు వ్యాపారంలో పెట్టనివ్వకండి. ఈ ఒక్క విషయంలో కఠినంగా ఉండండి. పెట్టుబడికి ఒక హద్దు చెప్పండి. సంఘం ఇచ్చే బోనసులో ఒక భాగం కావచ్చు, లేదా సెలవులలో బిడ్డ స్వయంగా సంపాదించినది కావచ్చు. అది పోయిన రోజున తిట్టకూడదు. తిడతామనుకొంటే ఇవ్వకూడదు. పరీక్షల నెలలో వ్యాపారానికి సెలవు.

ఇంకొకటి జాగ్రత్తగా చదవండి. “ముందు ఇంత కట్టు, మరో ఇద్దరిని చేర్పించు, వారు మరో ఇద్దరిని చేర్పిస్తే నీకు కమీషను” అని విద్యార్థుల వెంటపడే పథకాలున్నాయి. సూటు వేసికొన్నవారు హోటళ్ళలో మీటింగులు పెట్టి, దానినే సొంత వ్యాపారం అంటారు. అందులో అమ్మే సరుకు పేరుకే. అసలు సరుకు మన బిడ్డ స్నేహితులు. ఇటువంటి డబ్బు చలామణీ పథకాలను 1978 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. కొనుగోలుదారుడు తన స్నేహితుడే అయి ఉండాలని చెప్పే ఏ వ్యాపారమైనా బిడ్డ మీకు చెప్పకుండా చేరకూడదని ముందే మాట తీసికోండి.

సలహా చెప్పేవారు నేడు కొరత కాదు. 2015లో టి-హబ్, 2018లో ఆడవారి కోసం వి-హబ్ హైదరాబాదులో ఏర్పడ్డాయి. తెలంగాణ రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ వారు 2019లో ‘ఇంటింటా ఇన్నోవేటర్’ అనే కార్యక్రమం మొదలుపెట్టి పల్లెటూరి ఆలోచనలను కూడా పిలిచి ప్రదర్శనకు పెట్టారు. పాడి, వ్యవసాయాలకు సంబంధించినదైతే రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఆగ్‌హబ్ ఉన్నది. కాని అక్కడికి పోయేముందు చేతిలో రెండు విడతల లెక్క పుస్తకం ఉండాలి. ఊహ పట్టుకొని వెళ్ళినవానికి ఉపన్యాసం దొరుకుతుంది, లెక్క పట్టుకొని వెళ్ళినవానికి సలహా దొరుకుతుంది.

పుస్తకంలో లేని గంటలు

ఆ లెక్క పుస్తకం మళ్ళీ ఒకసారి తెరుద్దాం. రెండో విడతలో మిగులు 480. అమ్మాయి జల్లెడ పట్టడానికి, పొట్లాలు కట్టడానికి, ఇల్లిల్లూ తిరగడానికి ఆరు గంటలు పెట్టింది. గంటకు 80 రూపాయలు. బాగున్నదనిపిస్తుంది. కాని ఆమె హాస్టల్లో ఉండగా ఊళ్ళో బెడ్డు మీద నీళ్ళు చిలకరించింది ఎవరు? తల్లి. రోజుకు పది నిమిషాలు, అరవై రోజులు. పది గంటలయింది. ఆరూ పదీ పదహారు గంటలు. 480ని పదహారుతో భాగిస్తే గంటకు 30 రూపాయలు. వ్యాపారం మారలేదు, లెక్క మారింది.

చాలామంది విద్యార్థుల వ్యాపారాలు ఇక్కడే మోసపోతాయి. ఇంట్లోవారి శ్రమ ఉచితం అనుకొని లాభం చూపిస్తారు. పని పది రెట్లు పెరిగినప్పుడు తల్లి పది రెట్లు నీళ్ళు చల్లలేదు, మనిషిని పెట్టాలి, అప్పుడు లాభం ఏమయిందో తెలియదు. అందుకని మూడో విడత నుండి తల్లి గంటలకు గంటకు 25 చొప్పున 250 రూపాయలు ఖర్చు క్రింద వ్రాయించండి. మిగులు 230కి దిగుతుంది. అమ్మాయి వాటా గంటకు 38 రూపాయలు. ఆ అంకె చూసి ఆమె ధర పెంచాలా, చీటీలో సలహాతో పాటు నెలకొకసారి కుండీలు చూసిపోయే పని కూడా కలిపి దానికి విడిగా డబ్బు తీసికోవాలా, లేక దీనిని ముచ్చటగానే ఉంచి చదువు మీద దృష్టి పెట్టాలా అనేది తేల్చుకొంటుంది. ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా తప్పు లేదు, లెక్క చూసి ఎంచుకుంటే చాలు.

ఆ 250 రూపాయలు పుస్తకంలో వ్రాసి ఊరుకోకుండా తల్లి చేతికి ఇప్పించండి. అటు తరువాత ఆ అమ్మాయి పేజీ త్రిప్పి, “నాన్నా, మన బర్రెల లెక్కలో అమ్మ గంటలు ఎన్ని వ్రాశావు?” అని అడగవచ్చు. ఉదయం నాలుగున్నరకు పేడ తీయడం దగ్గర నుండి సాయంత్రం కేంద్రంలో పాలు పోసి వచ్చేదాకా గంటలు కూడి సిద్ధంగా ఉంచుకోండి.